ఈసారైనా కడుపు నిలవాలంటే...

నెల తప్పగానే సంబరం. నాలుగో నెల వచ్చేసరికి శోకం. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు... మూడోసారీ అంతే! తప్పు జాతకానిది కాదు, కోడలిది అసలే కాదు. కొందరిలో ఆ తప్పు రక్తంలో ఉంటుంది. దాన్ని పట్టుకునే పరీక్షలున్నాయి. బిడ్డను నిలబెట్టే మందులున్నాయి. అయినా చాలా ఇళ్లలో ఆ పరీక్ష చీటీ కంటే ముందు తాయెత్తే వస్తోంది.

ఖిల్లా ఘణపూర్‌కు వచ్చేవాళ్లను ముందుగా పలకరించేవి రెండు కొండలు, వాటిని కలుపుతూ పాకిన కోటగోడలు. కాకతీయుల సామంతుడు గోన గణపారెడ్డి 13వ శతాబ్దంలో కట్టించిన కోట అది. తన ప్రభువు గణపతిదేవుడి పేరు మీద ఊరికి గణపపురమని పేరు పెట్టాడంటారు. కింద గణపసముద్రం చెరువు. 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్న ఈ మండలం ఇప్పుడు వనపర్తి జిల్లాలో ఉంది. జిల్లా మారినా జనం నోట 'పాలమూరు' అన్న మాట మాత్రం పోలేదు.

ఆ కోట చుట్టుపక్కల ఏదో ఒక ఊళ్లో ఒక ఇల్లు అనుకుందాం. కోడలికి పాతికేళ్లు. పెళ్లయి ఐదేళ్లు. మొదటిసారి మూడో నెలలో పోయింది. 'తొలిచూలు గదా, అట్లనే అయితది' అన్నారు. రెండోసారి భర్తతో కలిసి ముంబై పనికి వెళ్లినప్పుడు, మళ్లీ మూడో నెలలోనే. 'బరువులు మోసినవు బిడ్డా, గందుకే' అన్నారు. మూడోసారి పనికి పంపలేదు. మంచం దిగనివ్వలేదు. ఐదో నెల స్కానింగ్‌లో బిడ్డ గుండె కొట్టుకోవడం లేదన్నారు. అప్పటి నుంచీ మాటలు మారాయి. గాలి సోకిందని ఒకరు, మేనరికం చేసుకుంటే ఇంతేనని ఇంకొకరు. అత్తగారు ఆడబిడ్డతో గుసగుసగా అనే మాట కోడలి చెవిన పడనే పడుతుంది... 'మనోనికి ఇంకో సంబంధం చూడాల్నా ఏంది?'

పాలమూరనే కాదు, తెలుగునాట ఏ మూలకెళ్లినా ఇలాంటి ఇల్లు ఒకటి మీకూ తెలిసే ఉంటుంది.

అందరిలోనూ కారణం ఒకటే ఉండదు. తెలిసిన గర్భాల్లో నూటికి పది, పదిహేను మామూలుగానే తొలి నెలల్లో పోతాయి. వాటిలో సగానికి పైగా పిండంలోని క్రోమోజోముల లోపం వల్ల పోయేవే. అది ఆ ఒక్కసారికి జరిగిన పొరపాటు. మళ్లీ జరగాలని లేదు. కానీ వరుసగా మూడుసార్లు పోవడం నూటికి ఒక జంటలోనే కనిపిస్తుంది. అలాంటివాళ్లను పరీక్షిస్తే సుమారు 15 శాతం మందిలో బయటపడే జబ్బు ఒకటుంది. పేరు కాస్త నోరు తిరగదు, యాంటీ ఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్. డాక్టర్లు పొడి అక్షరాల్లో 'ఏపీఎస్' అంటారు. పదేపదే కడుపు పోవడానికి తెలిసిన కారణాల్లో, చికిత్స చేస్తే ఫలితం బాగా కనిపించే ముఖ్యమైనది ఇదే. అందుకే దీని గురించి ఇంత చెప్పుకోవాల్సి వస్తోంది.

మాయకొచ్చిన రోగం

ఒంట్లోకి క్రిములు వస్తే వాటిని పట్టుకోవడానికి రక్తంలో యాంటీబాడీలు పుడతాయి. ఇవి ఊరి కాపలావాళ్ల లాంటివి. ఒక్కోసారి ఆ కాపలావాళ్లు లెక్క తప్పి సొంత ఇంటి మనుషుల మీదే కర్ర ఎత్తుతారు. కీళ్లవాతంలో కీళ్ల మీద, లూపస్‌లో ఒళ్లంతా. ఏపీఎస్‌లో వాటి కోపమంతా కణాల పైపొరలో ఉండే ఫాస్ఫోలిపిడ్లనే కొవ్వు పదార్థాల మీద, వాటిని అంటిపెట్టుకునే కొన్ని ప్రొటీన్ల మీద.

ఫలితం ఏమిటంటే, రక్తం అక్కర్లేని చోట గడ్డ కడుతుంది. పాలు తోడుకోవడానికి ఒక చుక్క చేమిరి చాలు కదా! గిన్నెలో తోడుకుంటే పెరుగు. కాచే పాలల్లోనే చేమిరి పడితే ఆ పూటకు పాలు లేనట్టే. గాయం దగ్గర గడ్డకట్టే రక్తం ప్రాణం నిలుపుతుంది. అదే రక్తం కాలి సిరలో గడ్డకడితే కాలు వాస్తుంది. ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. మెదడులో అయితే పక్షవాతం. నలభై ఏళ్లయినా నిండని ఆడమనిషికి పక్షవాతం వచ్చిందంటే డాక్టర్లు ముందుగా అనుమానించే జబ్బుల్లో ఇదొకటి.

గర్భిణిలో ఈ యాంటీబాడీలకు దొరికే మొదటి చోటు మాయ. తల్లి రక్తం నుంచి బిడ్డకు అన్నం, గాలి అందించేది అదే. మాయ గర్భసంచి గోడలోకి వేళ్లు పాతుకునే రోజుల్లోనే యాంటీబాడీలు ఆ కణాల మీద పడతాయి. వేళ్లు సరిగా దిగవు. నారు సరిగా నాటుకోకపోతే చేను ఎలా ఉంటుందో తెలిసిందే. తొలి నెలల్లో అయితే గర్భస్రావం. ఎలాగో నిలబడితే ఐదో నెల తర్వాత బిడ్డ ఎదుగుదల ఆగడం, ఉమ్మనీరు తగ్గడం, తల్లికి బీపీ పెరగడం, గుర్రపువాతం. కొందరిలో కడుపులోనే బిడ్డ చనిపోవడం.

మాయలో రక్తం గడ్డకట్టడమే కారణమని చాలాకాలం అనుకున్నారు. తర్వాత చూస్తే అంతకంటే లోతైన సంగతి తేలింది. యాంటీబాడీలు అంటుకున్న చోట 'కాంప్లిమెంట్' అనే రక్షణ ప్రొటీన్లు రెచ్చిపోయి వాపు పుట్టిస్తున్నాయి. గిరార్డి, జేన్ సాల్మన్‌ల బృందం 2004లో ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో ఒక విచిత్రం కనిపించింది. రక్తం గడ్డకట్టకుండా ఆపే మందుల్లో హెపారిన్ ఒక్కటే పిల్లలను కాపాడింది. అదే పని చేసే వేరే మందులు కాపాడలేదు. అంటే హెపారిన్ చేసే మేలు రక్తం గడ్డకట్టకుండా చూడటం ఒక్కటే కాదు, ఆ వాపును కూడా అది అణచిపెడుతోందన్న మాట.

ఎద్దు గుండె... రక్తపింజర విషం

ఈ జబ్బును కనిపెట్టిన కథ అచ్చం డిటెక్టివ్ నవలలాగే ఉంటుంది. సవాయి రోగానికి 1906లో వాసర్‌మన్ రక్తపరీక్ష వచ్చింది. ఆ పరీక్షలో వాడే పదార్థం ఏమిటో తేల్చింది 1941లో మేరీ పాంగ్‌బార్న్ అనే శాస్త్రవేత్త. ఎద్దు గుండె నుంచి తీసిన ఆ ఫాస్ఫోలిపిడ్‌కు ఆమె కార్డియోలిపిన్ అని పేరు పెట్టారు. తర్వాత తమాషా మొదలైంది. ఏ తప్పూ చేయని, ఏ సుఖరోగమూ లేని ఆడవాళ్లలో కూడా ఆ పరీక్ష పాజిటివ్‌గా రావడం డాక్టర్లు గమనించారు. వాళ్లలో చాలామందికి లూపస్ ఉంది, లేదా తర్వాత వచ్చింది.

ఇక్కడ కాసేపు ఆగాలి. గర్భిణులందరికీ తొలి నెలల్లో చేసే వీడీఆర్ఎల్ పరీక్ష ఆ వంశానిదే. కార్డియోలిపిన్ యాంటీబాడీలున్న తల్లికి ఈ పరీక్షలో తప్పుడు పాజిటివ్ రావచ్చు. చీటీ మీద 'రియాక్టివ్' అన్న ఒక్క మాట చూసి కాపురాలు కూలిపోగలవు. 'ఎవరి నుంచి వచ్చింది' అన్న రచ్చకు ముందు టీపీహెచ్ఏ లాంటి రూఢి పరీక్ష చేయించాలి. అందులో నెగెటివ్ వచ్చి, వెనక గర్భస్రావాలు కూడా ఉంటే, ఆ తప్పుడు పాజిటివే అసలు జబ్బుకు దారి చూపించే ఆనవాలు!

మళ్లీ కథలోకి వద్దాం. 1952లో కాన్లీ, హార్ట్‌మన్ అనే అమెరికా డాక్టర్లు ఇద్దరు లూపస్ రోగుల రక్తం గాజు గొట్టంలో త్వరగా గడ్డకట్టడం లేదని రాశారు. దానికి కారణమైన పదార్థానికే తర్వాత 'లూపస్ యాంటీకోయాగులెంట్' అని పేరొచ్చింది. గడ్డకట్టనివ్వనిది అని అర్థం. పేరు పెట్టినవాళ్లను తప్పు పట్టలేం గానీ, ఇంత అబద్ధపు పేరు వైద్యశాస్త్రంలో మరొకటి లేదేమో. గొట్టంలో గడ్డకట్టనివ్వని అదే పదార్థం మనిషి ఒంట్లో గడ్డలు పుట్టిస్తుంది!

ముక్కలన్నీ కలిపినవారు లండన్ హామర్‌స్మిత్ ఆస్పత్రిలో పనిచేసిన గ్రాహం హ్యూస్. రక్తపు గడ్డలు, పదేపదే గర్భస్రావాలు, మెదడు సమస్యలు, ఈ యాంటీబాడీలు... అన్నీ ఒకే జబ్బు అని 1983లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. ఆయన శిష్యులు నైజెల్ హారిస్, అజీజ్ ఘరవీ అదే ఏడాది కార్డియోలిపిన్ యాంటీబాడీలను కొలిచే పరీక్ష తయారుచేశారు. అందుకే దీన్ని హ్యూస్ సిండ్రోమ్ అని కూడా అంటారు.

ఇందులో మన తెలుగువాళ్లకు దగ్గరి సంగతి ఒకటుంది. లూపస్ యాంటీకోయాగులెంట్‌ను పట్టుకోవడానికి ఇప్పుడు ప్రపంచమంతా వాడే ముఖ్యమైన పరీక్ష పేరు 'రస్సెల్ వైపర్ వీనమ్ టైమ్'. రస్సెల్ వైపర్ అంటే మన పొలాల గట్ల మీద తిరిగే రక్తపింజరే. దాని విషం రక్తాన్ని క్షణాల్లో గడ్డకట్టిస్తుంది. బాగా పలచన చేసిన విషాన్ని రోగి ప్లాస్మాలో కలిపి ఎన్ని సెకన్లలో గడ్డ కట్టిందో లెక్కపెడతారు. యాంటీబాడీలుంటే ఆలస్యమవుతుంది. ఈ పద్ధతిని 1986లో ప్రకటించిన ముగ్గురిలో మొదటివారు పెరుమాళ్ త్యాగరాజన్. ఇంతకీ ఆ రస్సెల్ ఎవరు? 18వ శతాబ్దం చివర్లో విశాఖపట్నంలో ఉండి కోరమాండల్ తీరపు పాములను పోగుచేసిన స్కాట్లాండ్ డాక్టర్ ప్యాట్రిక్ రస్సెల్. 1796లో అచ్చయిన తన పుస్తకంలో ఈ పాముకు ఆయన రాసుకున్న పేరు ఏమిటో తెలుసా? 'కాటుక రేకుల పొడ'. మనవాళ్లు చెప్పిన తెలుగు పేరే!

71కీ 42కీ మధ్య

జబ్బు తెలిసింది సరే, మందేమిటి? 1983లో న్యూజిలాండ్ డాక్టర్ లుబ్బే బృందం స్టెరాయిడ్లు, ఆస్ప్రిన్ కలిపి ఇచ్చి బిడ్డలు దక్కారని రాసింది. కొన్నేళ్లు అదే దారి. కానీ స్టెరాయిడ్ల వల్ల తల్లికి సుగర్, బీపీ, నెలలు నిండని కాన్పులు ఎక్కువయ్యాయి. 1992లో కౌచాక్ బృందం స్టెరాయిడ్‌నూ హెపారిన్‌నూ పోల్చి చూస్తే బిడ్డలు దక్కడం రెండింటిలోనూ ఒకటే, తల్లికి ఇబ్బందులు మాత్రం హెపారిన్‌తో తక్కువని తేలింది.

అసలైన మలుపు 1997లో. లండన్ సెయింట్ మేరీస్ ఆస్పత్రిలో రాజ్ రాయ్, లెస్లీ రీగన్ బృందం పదేపదే గర్భస్రావాలై, ఈ యాంటీబాడీలున్న 90 మంది గర్భిణులను చీటీలు తీసినట్టు రెండు జట్లు చేసింది. 45 మందికి తక్కువ మోతాదు ఆస్ప్రిన్ ఒక్కటే. మిగిలిన 45 మందికి ఆస్ప్రిన్‌తో పాటు రోజుకు రెండుసార్లు హెపారిన్ ఇంజెక్షన్. మొదటి జట్టులో 19 మందికి బిడ్డ దక్కింది, అంటే 42 శాతం. రెండో జట్టులో 32 మందికి... 71 శాతం! అంతకుముందు రెండేళ్ల కిందట అదే ఆస్పత్రి వాళ్లు ఏ మందూ వాడని ఇలాంటి తల్లులను గమనిస్తే పది మందిలో ఒక్కరికే బిడ్డ నిలిచింది.

అన్ని అధ్యయనాల్లోనూ ఇంత తేడా రాలేదన్నది కూడా నిజం. 2002లో ఫార్కర్సన్ బృందం చూస్తే ఆస్ప్రిన్ ఒక్కటి వాడినవాళ్లలోనూ నూటికి 70 మందికి పైగా బిడ్డలు దక్కారు. అయినా అన్నీ కలిపి తూకం వేసి, రూఢిగా ఏపీఎస్ ఉన్న గర్భిణికి ఆస్ప్రిన్, హెపారిన్ రెండూ ఇవ్వాలన్నదే ఇప్పటి వైద్య మార్గదర్శకాల మాట. ఈ రెండూ కొత్త మందులేం కావు. హెపారిన్‌ను 1916లో జే మెక్లీన్ అనే వైద్య విద్యార్థి కుక్క కాలేయంలో చూశాడు. మన హైదరాబాద్‌కు దీనితో పాత చుట్టరికమే ఉంది. 1953లో మొదలైన బయలాజికల్ ఇ సంస్థ తొలి సరుకుల్లో రక్తం గడ్డకట్టకుండా చూసే మందులున్నాయి. 1978లో పెట్టిన గ్లాండ్ ఫార్మా హెపారిన్ తయారీతోనే పేరు తెచ్చుకుంది. ఘణపూర్ కోడలికి కావాల్సిన మందు పక్క హైదరాబాద్‌లోనే తయారవుతోంది. కొరత ఉన్నదల్లా కబురుకే.

బొడ్డు పక్కన రోజుకో సూది

చికిత్స చెప్పుకోవడానికి తేలిక. రోజుకు 75 నుంచి 100 మిల్లీగ్రాముల ఆస్ప్రిన్ మాత్ర, వీలైతే నెల తప్పకముందే మొదలు. మూత్ర పరీక్షలో గర్భం తేలాక హెపారిన్ సూది. ఇప్పుడు ఎక్కువగా వాడేది ఎనాక్సాపారిన్. మందు నింపిన సిరంజి దొరుకుతుంది. మామూలుగా 40 మిల్లీగ్రాములు, రోజుకొకటి, బొడ్డుకు పక్కన చర్మం పట్టుకుని కొవ్వులోకి ఇస్తారు. ఇంతకుముందు కాల్లోనో మెదడులోనో గడ్డకట్టినవాళ్లకైతే బరువును బట్టి మోతాదు బాగా పెరుగుతుంది. ఎవరికెంత అన్నది డాక్టరే తేల్చాలి. పక్కింటావిడకు పనిచేసిందని కొని పొడుచుకునే మందు కాదిది.

చేయడం మాత్రం అంత తేలిక కాదు. ఆరో వారం నుంచి కాన్పు దాకా, ఆ తర్వాత మరో ఆరు వారాలు... లెక్కేస్తే 260కి పైగా సూదులు! సూదికి వందల్లో ఖర్చు. కూలినాలి ఇంట్లో అది చిన్న మొత్తమేం కాదు. జన ఔషధి దుకాణాల జాబితాలో ఎనాక్సాపారిన్ ఉంది. రోజుకు రెండుసార్లు ఇచ్చే పాతరకం హెపారిన్ ఇంకా చవక. డబ్బు మాట డాక్టర్ దగ్గర దాచకుండా మొదటిరోజే చెప్పడం మంచిది. మధ్యలో మానేయడం కంటే చవక మందు చివరిదాకా వాడటం నయం కదా.

సూది వేసుకోవడం చాలామంది ఇంట్లోనే నేర్చుకుంటారు. భార్యకు భర్తే వేసే ఇళ్లూ ఉంటాయి. వేసిన చోట నల్లగా కమిలితే భయపడక్కర్లేదు. రోజూ చోటు మార్చాలి, రుద్దకూడదు. సిరంజీలు 25 డిగ్రీలు దాటకుండా ఉంచాలి. పాలమూరు ఎండలకు రేకుల ఇంట్లో అది కుదరదు. అలాగని ఫ్రిజ్‌లో పై అరలో పెట్టి గడ్డకట్టించకూడదు. ఇంట్లో చల్లటి చోటు లేకపోతే వారానికి సరిపడా తెచ్చుకుంటూ, మిగిలినవి ఎక్కడ దాచాలో ఆశా కార్యకర్తనో నర్సమ్మనో అడగొచ్చు. హెపారిన్‌ను పంది పేగుల నుంచి తీస్తారు. ఆ సంగతి పట్టింపుగా ఉండే కుటుంబాలకు డాక్టర్లు ముందే చెప్పి మాట్లాడటం మర్యాద. ఎవరో చెప్పగా ఆరో నెలలో తెలిసి మందు మానేసే పరిస్థితి రాకూడదు.

'రక్తం పలచబడే మందంట, కడుపు పోదా?' అని పెద్దవాళ్లు అడుగుతారు. న్యాయమైన భయమే. కానీ హెపారిన్ మాయను దాటి బిడ్డ దగ్గరికి పోదు. దాటిపోయేది వార్ఫారిన్. గడ్డలకు రోజూ వాడే ఆ మాత్ర తొలి నెలల్లో బిడ్డకు అవకరాలు తెస్తుంది. అది వాడుతున్న స్త్రీ నెల తప్పిందన్న అనుమానం రాగానే డాక్టర్ దగ్గరకు పరుగెత్తాలి. ఈమధ్య వచ్చిన కొత్తరకం గడ్డల మాత్రలు కూడా గర్భిణికి పనికిరావు. హెపారిన్ వాడినంతకాలం అప్పుడప్పుడూ ప్లేట్‌లెట్ల లెక్క చూస్తారు. ఎముకలు బలహీనపడకుండా కాల్షియం, విటమిన్ డి ఇస్తారు.

పన్నెండు వారాల తిరకాసు

అన్నిటికంటే చిక్కు మందు దగ్గర కాదు, జబ్బును రూఢి చేయడం దగ్గరే. పరీక్షలు మూడు. కార్డియోలిపిన్ యాంటీబాడీలు, బీటా-2 గ్లైకోప్రొటీన్ యాంటీబాడీలు, పైన చెప్పిన రక్తపింజర పరీక్ష. ఒక్కసారి పాజిటివ్ వస్తే సరిపోదు. ఏ జ్వరమో వచ్చి పోయాక కూడా ఈ యాంటీబాడీలు కొన్నాళ్లు కనిపించి మాయమవుతాయి. ఏ జబ్బూ లేనివాళ్లలోనూ నూటికి ఒకరి నుంచి ఐదుగురి దాకా ఉంటాయి. అందుకే 12 వారాల తర్వాత రెండోసారి చేయాలి. అప్పుడూ ఉంటేనే లెక్క.

పన్నెండు వారాలంటే మూడు నెలలు. పాలమూరు ఇంట్లో మూడు నెలల్లో చాలా జరుగుతాయి. మేస్త్రీ అడ్వాన్సు ఇస్తాడు, బస్సెక్కుతారు. దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా 'పాలమూరు లేబర్' ఉండేదని పేరు. ఒక గర్భం ఊళ్లో పోతుంది, ఇంకొకటి ముంబైలో, మరొకటి హైదరాబాద్ అడ్డా మీద పనిచేసేటప్పుడు. మూడు ఊళ్లు, ముగ్గురు డాక్టర్లు. ఎవరికి వారికి ఆమెది 'ఒక్క గర్భస్రావమే'. మూడింటినీ కలిపి చూసే కాగితం ఎక్కడా ఉండదు. స్కానింగ్ రిపోర్టు వానకు తడిసిందో, ఖాళీ చేసిన గుడిసెలో ఉండిపోయిందో!

డాక్టర్ అడిగే మొదటి ప్రశ్నలు ఇవే. ఎన్నిసార్లు పోయింది? ఎన్నో వారంలో? అంతకుముందు స్కానింగ్‌లో గుండె కొట్టుకుందా? బిడ్డ ఆకారం మామూలుగానే ఉందా? పదో వారానికి ముందు వరుసగా మూడు పోయినా అనుమానమే. పదో వారం దాటాక, అవకరాలేవీ లేని బిడ్డ ఒక్కసారి పోయినా అనుమానమే. బీపీ బాగా పెరిగి 34 వారాల లోపే కాన్పు చేయాల్సి వచ్చినా అనుమానమే. యూరప్ సంతాన వైద్య నిపుణుల సంఘమైతే మూడోది దాకా ఆగొద్దు, రెండు పోగానే పరీక్షించమంటోంది. ఆ లెక్కన మొదట చెప్పుకున్న కోడలికి ముంబై నుంచి తిరిగొచ్చినప్పుడే పరీక్ష జరగాల్సింది. ఐదో నెల బిడ్డ దక్కేదేమో...

రక్తం తీయడంలోనూ ఒక మెలిక ఉంది. కార్డియోలిపిన్ లాంటివాటికి రక్తం నమూనా పంపితే నడుస్తుంది. రక్తపింజర పరీక్షకు మాత్రం నీలిమూత గొట్టంలో తీసిన రక్తాన్ని కొన్ని గంటల్లోపే, రెండుసార్లు గిరగిరా తిప్పి ప్లాస్మా వేరుచేయాలి. మధ్యాహ్నం ఎండలో బైకు మీద పోయే డబ్బాలో పెడితే వచ్చే ఫలితాన్ని నమ్మలేం. ఆ వసతి ఉన్న పెద్ద ల్యాబ్‌కు మనిషే వెళ్లడం మేలు. అదీ హెపారిన్ మొదలుపెట్టక ముందు. మొదలుపెట్టాక చేస్తే లెక్క తారుమారవుతుంది. ఇక కీళ్ల నొప్పులు, ముఖం మీద ఎర్రటి మచ్చలు, జుట్టు ఊడటం లాంటివి కూడా ఉంటే లూపస్ అనుమానం. అప్పుడు హైదరాబాద్ నిమ్స్‌లో ఉన్నలాంటి రుమటాలజీ విభాగానికి వెళ్లాల్సి ఉంటుంది.

వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులను డాక్టర్లు చూసే కార్యక్రమం 2016 నుంచి దేశమంతా ఉంది. ప్రమాదమున్న గర్భిణి కార్డుకు అందులో ఎర్ర స్టిక్కర్ వేస్తారు. మునుపటి కాన్పుల గడి మాతా శిశు సంరక్షణ కార్డులోనూ ఉంది. ఆ గడిని ఓపికగా అడిగి నింపితే సగం పని అయినట్టే. కానీ ఆ ప్రశ్నలు అత్తగారి ముందు అడిగితే కోడలు నిజం చెబుతుందా? పెళ్లికి ముందో, ముంబైలోనో ఎవరికీ తెలియకుండా పోయిన గర్భం సంగతి అసలే చెప్పదు. పక్కకు పిలిచి అడగాలి.

ఐదో నెల నుంచి అసలు కాపలా

మందు మొదలైంది కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు. ఐదో నెల దాటాక డాప్లర్ స్కానింగ్‌లో గర్భసంచి రక్తనాళాల్లో ప్రవాహం చూస్తారు. తర్వాత నాలుగు వారాలకోసారి బిడ్డ ఎదుగుదల. మధ్యలో బీపీ, మూత్రంలో ప్రొటీన్. ఈ రెండూ ఊరి సబ్ సెంటర్‌లోనే చూడొచ్చు. తల పగిలిపోయే నొప్పి, కళ్ల ముందు మసకలు, పొట్ట పైభాగంలో నొప్పి, ముఖం ఉబ్బడం కనిపిస్తే రేపటి దాకా ఆగకూడదు. బిడ్డ కదలికలు తగ్గినా అంతే. ఒక కాలే వాచి నొప్పెడుతున్నా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా అదే రాత్రి బయల్దేరాలి.

కాన్పు ఎక్కడన్నది ముందే తేల్చుకోవాలి. పుట్టింటికి పంపే ఆచారం ఉంటే ఆ ఊరికి దగ్గర్లో పెద్దాసుపత్రి ఏదో చూసుకున్నాకే పంపాలి. వెన్నుకు మత్తు ఇవ్వాలంటే చివరి సూదికీ మత్తుకూ మధ్య మామూలు మోతాదుకు 12 గంటలు, పెద్ద మోతాదుకు 24 గంటలు గడవాలి. ఆఖరి సూది ఎప్పుడు వేశారో గడియారం చూసి రాసిపెట్టుకోవాల్సింది ఇంట్లోవాళ్లే.

ఇంత చేసినా నూటికి ఇరవై, ముప్పై మందికి ఫలితం దక్కడం లేదు. ముఖ్యంగా రక్తపింజర పరీక్ష పాజిటివ్ వచ్చినవాళ్లలో ముప్పు ఎక్కువని అమెరికా పరిశోధకులు 2012లోనే తేల్చారు. కొందరు డాక్టర్లు మలేరియా మందుగా పుట్టిన హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను కూడా కలుపుతున్నారు. లూపస్ ఉన్నవాళ్లకు అది ఎలాగూ అవసరమే. కొత్త ఆశ ఇంకొకటి. కీళ్లవాతానికి వాడే సర్టోలిజుమాబ్ అనే సూదిమందు. ఇది మాయను దాటి బిడ్డను చేరడం దాదాపు లేనట్టే. ఉటా విశ్వవిద్యాలయంలోని వేర్ బ్రాంచ్, న్యూయార్క్‌లోని జేన్ సాల్మన్ కలిసి మామూలు మందులతో పాటు దీన్నీ ముప్పు ఎక్కువున్న గర్భిణులకు ఇచ్చి చూశారు. బిడ్డ చనిపోవడం, బీపీ బాగా పెరగడం లాంటి పెద్ద ప్రమాదాలు ఇలాంటివాళ్లలో 40 శాతం దాకా ఉండేవి, ఇందులో 20 శాతానికి దిగాయి. 2025లో వెలువడిన ఈ ఫలితాలు యాభై మంది మీద చేసిన చిన్న అధ్యయనానివి. పక్కన పెట్టి పోల్చిన రెండో జట్టు లేదు. మందు ఖరీదూ ఎక్కువే. ఘణపూర్ దాకా రావడానికి టైం పడుతుంది. ఆస్ప్రిన్, హెపారిన్ అలా కాదు, అవి ఇవాళే దొరుకుతాయి.

పురుటి తర్వాత ఆ ఆరు వారాలు

బిడ్డ పుట్టగానే ఇంట్లో అందరి చూపూ ఉయ్యాల మీదే. తల్లి సూది సంగతి మరిచిపోతారు. నిజానికి కాన్పు తర్వాతి ఆరు వారాల్లోనే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు బాగా ఎక్కువ. పురిటి మంచం మీద కదలకుండా పడుకోబెట్టి, దాహమేస్తే నీళ్లు కూడా కొలిచి ఇచ్చే అలవాటు ఇలాంటి తల్లికి అస్సలు పనికిరాదు. లేచి నడవాలి, నీళ్లు తాగాలి, డాక్టర్ చెప్పినన్ని రోజులు సూది వేసుకోవాలి. హెపారిన్ వాడుతూ పాలివ్వొచ్చు. వార్ఫారిన్‌కు మారినా పాలివ్వొచ్చు. బిడ్డకు ఈ జబ్బు వస్తుందేమోనన్న బెంగ అక్కర్లేదు. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు కొన్ని నెలల్లో పోతాయి. వాటివల్ల బిడ్డకు ఇబ్బంది రావడం చాలా అరుదు.

తర్వాతి కాన్పుకు ఎడం కోసం మామూలుగా ఇచ్చే ఈస్ట్రోజన్ కలిసిన గర్భనిరోధక మాత్రలు మాత్రం ఈమె వాడకూడదు. గడ్డల ముప్పు పెరుగుతుంది. లూపో, ఇంకేదైనా దారో డాక్టర్‌ను అడగాలి.

వాడేసిన సిరంజీలు పెంటకుప్ప మీద వేయకుండా గట్టి డబ్బాలో వేసి ఆస్పత్రిలో ఇచ్చేయాలి. ఫైలు మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు, పారేయొద్దు. పనికోసం ఊరు దాటితే బట్టలకన్నా ముందు అది సర్దుకోవాలి. పదేళ్ల తర్వాత ఏ కాలో వాచి, ఏ ఆపరేషన్‌కో వెళ్లాల్సివస్తే, కొత్త ఊరి కొత్త డాక్టర్‌కు మొదట చూపించాల్సిన కాగితం అదే.